తమ్ముడికి పద్దెనిమిది నిండాయి, ఇప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి?

ఈ ఎపిసోడ్ మా ఇంటి ముచ్చటతో మొదలుపెడతా. మాది మరిపెడ. పాత వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. మా తమ్ముడికి పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ, దాంతో పాటు ఫిట్స్. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. వాడికి మూడేళ్ళున్నప్పటి నుంచి అమ్మ వాణ్ణి చంకనేసుకుని వరంగల్ బస్సు ఎక్కేది. దంతాలపల్లి, తొర్రూరు, రాయపర్తి, వర్ధన్నపేట... ఈ ఊళ్ళన్నీ నాకు వాడి ఆసుపత్రి దారిలోనే పరిచయం. అక్కడ పిల్లల డాక్టర్ ఒకాయన పదిహేనేళ్ళు చూశారు. చీటీ చేతికివ్వకముందే "ఏరా హీరో, మోషన్ సాఫ్‌గా అవుతుందా?" అని అడిగేవారు. ఆయనకు వాడి కథ మొత్తం నోటికొచ్చు.

పోయిన ఏడు వెళ్తే కౌంటర్ దగ్గర వయసు అడిగారు. పద్దెనిమిది నిండాయి అన్నాం. "ఇక్కడ కాదమ్మా, పెద్దల ఓపీకి పోవాలి" అని కారిడార్ అటువైపు చెయ్యి చూపించారు. అంతే, అయిపోయింది.

అటువైపు గది ముందు మస్తు మంది. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. "చెప్పండి, ఏం ప్రాబ్లం?" అన్నారు కొత్త డాక్టర్. అమ్మ సంచి తెరిచింది. బట్టల షాపు క్యారీ బ్యాగ్. అందులో పదిహేనేళ్ళ చీటీలు, అక్షరాలు ఎగిరిపోయిన రిపోర్టులు, ఖాళీ మాత్రల షీట్లు. ఆయనకు మా కోసం ఉన్నది మూడు నాలుగు నిమిషాలు. ఆయనకు కావాల్సిన కాగితం అందులో ఎక్కడుందో మాకే తెల్వదు. చివరికి ఒకటే అడిగారు. "ఈ ఫిట్స్ మాత్ర ఈ డోసు రాసినప్పుడు బాబు ఎన్ని కిలోలు?" అమ్మ నా వైపు చూసింది. నేను ఫోన్ వైపు చూశా.

ఇంటికొచ్చి రాత్రంతా వెతికితే దొరికింది. వాడు 29 కిలోలు ఉన్నప్పుడు రాసిన డోసు అది. తర్వాత చాలా రోజులు ఫిట్స్ రాలేదు కాబట్టి ఎవరూ దాన్ని కదిలించలేదు. ఇప్పుడు వాడు 48 కిలోలు, ఈ మధ్య మళ్ళీ ఫిట్స్ మొదలయ్యాయి. ఆ ఒక్క నంబర్ ఆ రోజు మా దగ్గర ఉంటే ఇంకోసారి బస్సు ఎక్కే పని ఉండేది కాదు.

సో, ఈ రోజు టాపిక్ ఇదే. ఎదుగుదల లోపాలున్న పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళ వైద్యాన్ని పిల్లల డాక్టర్ చేతుల్లోంచి పెద్దల డాక్టర్ చేతుల్లోకి ఎలా మార్చాలి. మీ ఇంట్లో అన్నో, చెల్లో, మేనమామ కొడుకో ఇలా ఉంటే మీరు వినాలి. ఎందుకంటే ఇంట్లో స్మార్ట్‌ఫోన్ బాగా వాడేది మీరే. ఈ పనిలో సగం ఫోన్‌తోనే అయిపోతుంది.

ముందు ఒక మాట క్లియర్ చేద్దాం. ఎదుగుదల లోపం అంటే పుట్టుకతోనో, చిన్నప్పుడో మెదడు ఎదుగుదలలో వచ్చిన తేడా. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ లాంటివి. పద్దెనిమిది నిండగానే ఇవి తగ్గిపోవు. మన దగ్గర చాలామంది "పెద్దయ్యాడు కదా, ఇక ఎర్రగడ్డకు తీసుకుపోవాలేమో" అంటారు. బుద్ధిమాంద్యం మానసిక జబ్బు కాదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా మానసిక జబ్బు నిర్వచనంలోంచి దాన్ని స్పష్టంగా పక్కన పెట్టింది. అలాగని వీళ్ళకు మానసిక జబ్బులు రావని కాదు. దిగులు, భయం, నిద్ర పట్టకపోవడం మనకు వచ్చినట్టే వాళ్ళకూ వస్తాయి. అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాల్సిందే, అందులో తప్పేం లేదు.

మరి పద్దెనిమిది దగ్గర ఎందుకు తెగిపోతుంది? పిల్లల వైద్యంలో ఒకే డాక్టర్ అన్నీ చూస్తారు. ఫిట్స్, దగ్గు, బరువు, నడక అన్నీ. పెద్దల వైద్యం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఫిట్స్‌కి న్యూరాలజీ, కాళ్ళకు ఆర్థో, కోపానికి సైకియాట్రీ, నెలసరికి గైనిక్, పళ్ళకు డెంటల్. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. పైగా మిగతావన్నీ అదే టైమ్‌లో ఆగిపోతాయి. అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పిల్లల్ని చెక్ చేసే ఆర్‌బీఎస్‌కే ప్రోగ్రామ్ 2013లో మొదలైంది. అది సున్నా నుంచి 18 ఏళ్ళ వరకే. మండల కేంద్రాల్లో భవిత సెంటర్లు ఉంటాయి కదా, మా తమ్ముడు ఫిజియోథెరపీకి అక్కడికే పోయేవాడు. అది బడి లెక్కలో నడిచేది కాబట్టి బడి వయసుతో పాటే అదీ అయిపోతుంది. వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత చదువు కూడా 6 నుంచి 18 వరకే. ఇంకో తలనొప్పి ఏంటంటే, పిల్లల ఓపీకి వయసు అన్ని ఆసుపత్రుల్లో ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల పన్నెండు, పద్నాలుగుకే పెద్దల వైపు పంపేస్తారు. అందుకే మీ ఆసుపత్రిలో ఏ వయసు వరకు చూస్తారో ముందే అడిగి పెట్టుకోండి.

బయట దేశాల్లో ఎలా చేస్తారో చూద్దాం. ఇంగ్లండ్‌లో 2016లో వచ్చిన నైస్ గైడ్‌లైన్ ప్రకారం ఈ మార్పు ప్లానింగ్ 13, 14 ఏళ్ళకే మొదలవ్వాలి. అక్కడ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకు 14 దాటినప్పటి నుంచి ఏడాదికోసారి ఫుల్ చెకప్ ఉంటుంది. అమెరికాలో డాక్టర్ల సంఘాలైతే పన్నెండు నుంచే మాట్లాడటం మొదలుపెట్టండి అంటాయి. అక్కడ కూడా అందరికీ సవ్యంగా జరుగుతుందని కాదు. కానీ కనీసం ఇదొక పని అని, దీనికి నాలుగైదేళ్ళు పడుతుందని ఒప్పుకున్నారు. మనం కౌంటర్ దగ్గర తెలుసుకుంటున్నాం.

సరే, ఇప్పుడు ఏం చేయాలి. మొట్టమొదటిది, పిల్లల డాక్టర్ దగ్గర చివరిసారి కాకుండా, దానికి ముందుసారే అడగండి: "సార్, మేము పెద్దల డాక్టర్ దగ్గరికి మారాలి కదా, ఒక సమ్మరీ రాసివ్వండి." పదిహేనేళ్ళు చూసిన మనిషికి ఒక పేజీ రాయడం పది నిమిషాల పని. మేము అడగలేదు. అడగాలని తెల్వదు. తర్వాత అమ్మ మళ్ళీ వెళ్ళి అడిగితే ఆయన పాపం కూర్చుని రాసిచ్చారు. ఇంకా కుదిరితే పెద్దల డాక్టర్‌ని ఒకసారి కలిసి వచ్చాక, మళ్ళీ పాత డాక్టర్‌ని ఒకసారి కలవండి. రెండు వైపులా చెప్పిన మాటల్లో తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

రెండోది మన సొంత పేజీ. ఒక్కటే పేజీ, రెండోది వద్దు. నేను ఫోన్‌లో టైప్ చేసి, ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టా. పైన వాడి పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు, బరువు, ఆ బరువు చూసిన తేదీ. కింద ఉన్న సమస్యలు మామూలు మాటల్లో. తర్వాత మాత్రలు. బ్రాండ్ పేరు మాత్రమే కాదు, షీట్ మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట. ఇంతకుముందు వాడి ఆపేసిన మందులు, ఎందుకు ఆపారు అనేది తప్పకుండా రాయండి. లేకపోతే కొత్త డాక్టర్ మళ్ళీ అదే మొదలుపెడతారు. ఆపరేషన్లు, పడని మందులు. చివరి ఫిట్స్ ఎప్పుడొచ్చాయి. మింగడం ఎలా ఉంది. మా వాడికి నీళ్ళు గబగబా తాగిస్తే పొలమారుతుంది, అది కూడా రాశా. ఇక అన్నిటికంటే కింద నేను రాసిన లైన్ ఇది: "నొప్పి ఉంటే ఎడమ చెయ్యి కొరుక్కుంటాడు. సూది ముందు చూపిస్తే భయపడడు, దాచిపెడితే అరుస్తాడు." కొత్త డాక్టర్ ఆ లైన్ రెండుసార్లు చదివారు.

ప్రతి చీటీ ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో తేదీ వారీగా పెట్టండి. ముఖ్యంగా థర్మల్ పేపర్ మీద వచ్చే రిపోర్టులు, అవి ఏడాదికే తెల్లగా అయిపోతాయి. ఒరిజినల్స్ మాత్రం పారేయొద్దు.

ఇంకొకటి, ఫిట్స్ వీడియో. ఫిట్స్ వచ్చినప్పుడు డాక్టర్ పక్కన ఉండరు. మనం చెప్పేది "కొట్టుకున్నాడు సార్" అని. దాంట్లోంచి ఆయన ఏం అర్థం చేసుకోవాలి? ముందు మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, టైమ్ చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా పెట్టడం ఏవీ వద్దు. ఇంకొకరు పక్కన ఉంటే వాళ్ళు వీడియో తీయాలి. ముఖం, చేతులు, కాళ్ళు అన్నీ కనపడేలా, ఏ వైపు మొదలైంది, కళ్ళు ఎటు తిరిగాయి అనేది తెలిసేలా. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా వీడియో పక్కన పడేసి 108కి కాల్ చేయండి. ఇంకో మాట, ఆ వీడియో డాక్టర్ కోసం. వాట్సాప్ స్టేటస్ కోసం కాదు. వాడికి పద్దెనిమిదేళ్ళు, వాడికీ సిగ్గు ఉంటుంది.

ఇప్పుడు నాకు బాగా దెబ్బ తగిలిన విషయం చెప్తా. మొన్న వానాకాలంలో మా వాడు రెండు వారాలు చెంప మీద కొట్టుకున్నాడు. అన్నం తోసేసేవాడు. చుట్టాలు దిష్టి అన్నారు, ఒకాయన "వయసొచ్చింది కదా, అట్లనే ఉంటది" అన్నాడు. మేము కూడా కోపానికి మాత్ర రాయించుకుందామనే బయలుదేరాం. కొత్త డాక్టర్ నోరు తెరిపించి టార్చ్ వేశారు. జ్ఞానదంతం వాచి ఉంది. పన్ను తీయించిన నాలుగు రోజులకు వాడు మామూలైపోయాడు. మాటలు రాని మనిషి సడన్‌గా మారిపోతే, "వీడి జబ్బే అంత" అనుకోకముందు ఒళ్ళు చూపించాలి. పన్ను, చెవి, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, తుంటి కీలు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళయితే ఏడాదికోసారి థైరాయిడ్ టెస్ట్ చేయించాలి, బద్ధకంగా ఉన్నాడు అని మనం తిట్టేది థైరాయిడ్ అయ్యుండొచ్చు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళలో కొందరికి ఇరవైల్లో, ముప్పైల్లో నడక తగ్గిపోతుంది, కీళ్ళ నొప్పులు మొదలవుతాయి. ఫిజియోథెరపీ పిల్లలప్పుడు చేయించేశాం కదా అనుకోవడానికి లేదు. ఫిట్స్‌కి ఫెనిటోయిన్ వాడేవాళ్ళకు చిగుళ్ళు ఉబ్బొచ్చు, డాక్టర్‌కి చూపించండి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. ఫిట్స్ మాత్రల్లో వాల్‌ప్రోయేట్ అని ఒకటి ఉంటుంది. అది వాడుతూ గర్భం వస్తే పదిమంది బిడ్డల్లో దాదాపు ఒకరికి పుట్టుకతో అవయవ లోపాలు వస్తాయి, ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు రావొచ్చు. అందుకని అమ్మాయి పెద్దల వైద్యానికి మారేటప్పుడు "ఈ మాత్ర ఉంచాలా, మార్చాలా" అని డాక్టర్‌ని అడగాలి. మీ అంతట మీరు ఆపేయొద్దు, సడన్‌గా ఆపితే ఫిట్స్ ప్రాణం మీదికి వస్తాయి. ఇక "నెలసరి చూసుకోలేదు, గర్భసంచి తీయించెయ్యండి" అనే సలహా. ఊళ్ళో చాలా ఈజీగా ఇస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 10 ప్రకారం, పిల్లలు పుట్టకుండా చేసే ఏ ప్రొసీజర్ అయినా ఆ మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోకుండా చేయకూడదు. 2009లో ఒక చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు కూడా కొద్దిపాటి బుద్ధిమాంద్యం ఉన్న యువతి గర్భం విషయంలో ఆమె ఒప్పుకోలు లేకుండా నిర్ణయం తీసుకోకూడదని చెప్పింది. నెలసరికి మందులున్నాయి, బొమ్మలతో నేర్పే పద్ధతులున్నాయి. గైనిక్ మేడంతో మాట్లాడండి.

కాగితాల సంగతికి వస్తే, ఇక్కడే మరిపెడ వాళ్ళకు స్పెషల్ చిక్కు ఉంది. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి, మనం వరంగల్ నుంచి మహబూబాబాద్‌లోకి వచ్చాం. చిన్నప్పుడు తీసిన సర్టిఫికెట్ మీద వరంగల్, ఆధార్‌లో మహబూబాబాద్. ఒకచోట తేడా ఉంటే అన్నిచోట్లా ఆపుతారు. ఎలాగూ సర్టిఫికెట్ మార్చాల్సిందే. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం బుద్ధిమాంద్యం సర్టిఫికెట్‌ని 5, 10, 18 ఏళ్ళకు రెన్యువల్ చేయించాలి. 18కి ఇచ్చేది జీవితాంతం పనిచేస్తుంది. అంటే పద్దెనిమిదికి ఒక్కసారి సదరం క్యాంపు కష్టం పడితే మళ్ళీ పడక్కర్లేదు. అప్పుడే అడ్రస్ సరిచేయించుకోండి. ఆసరా పింఛన్ కూడా ఈ సర్టిఫికెట్ మీదే నడుస్తుంది, 2023 జూలై నుంచి అది నెలకు 4,016 రూపాయలు.

ఇంకోటి చాలామందికి తెల్వదు. పద్దెనిమిది నిండిన రోజు నుంచి చట్టం లెక్కలో అమ్మానాన్న గార్డియన్లు కారు. బ్యాంకులో సంతకం, పెద్ద ఆపరేషన్‌కి ఒప్పుకోలు, ఇలాంటి చోట అడ్డం పడుతుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం జిల్లా కలెక్టర్ ఆధ్వర్యంలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. తల్లిదండ్రులు గానీ, బంధువులు గానీ అక్కడ గార్డియన్‌షిప్‌కి అప్లై చేయొచ్చు. మనకైతే మహబూబాబాద్ కలెక్టరేట్. కానీ తొందరపడి అందరికీ తీసుకోకండి. కొంచెం సాయం చేస్తే తన నిర్ణయం తను చెప్పగలిగే మనిషి చేతిలోంచి ఆ హక్కు తీసుకోవడం కరెక్ట్ కాదు.

ఖర్చు సంగతి. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాకా ఉంది, కానీ అది ఎక్కువగా అడ్మిట్ అయ్యే చికిత్సలకు. నెలనెలా మాత్రలు, ఫిజియోథెరపీకి నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్ ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా, వయసు పరిమితి లేదు, ముందు నుంచి ఉన్న జబ్బు అని తోసెయ్యరు. బిల్లులు ముందు మనం కట్టి తర్వాత క్లెయిమ్ చేయాలి, ఏటా రెన్యువల్ మర్చిపోవద్దు. అలాగే వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 25లో ఆసుపత్రిలో చూడటంలో ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. క్యూలో గంటల తరబడి నిలబెడితే కార్డు చూపించి మర్యాదగా అడగండి. మా అమ్మ మొదట సిగ్గుపడింది, ఇప్పుడు తనే అడుగుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి అనే ప్రశ్నకు నా సమాధానం, రెండు మెట్లు పెట్టుకోండి. జ్వరం, బీపీ, బరువు, మలబద్ధకం లాంటి వాటికి దగ్గర్లోని ఒకే ఎంబీబీఎస్ డాక్టర్‌ని పట్టుకోండి, మన పేజీ ఒక కాపీ అక్కడ ఇవ్వండి. స్పెషలిస్ట్‌లకు మహబూబాబాద్‌లో 2022 నుంచి గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఉంది, ఖమ్మంలో 2023 నుంచి ఉంది, వరంగల్‌లో ఎంజీఎం ఎలాగూ ఉంది. అన్ని స్పెషలిస్ట్‌లు అన్నిచోట్లా దొరకరు, బయలుదేరే ముందు ఓపీ రోజులు కనుక్కోండి. ట్రైనింగ్, అసెస్‌మెంట్ లాంటివి కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, 1984 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఇక చూసుకునే వాళ్ళకు నిద్ర పట్టకపోయినా, ఏడుపొచ్చినా 14416కి కాల్ చేయండి, టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు. మా అమ్మ కోసం నేనే చేశా.

ఆఖరిది. డాక్టర్ గదిలో ముందు కూర్చోవాల్సింది మనం కాదు, వాళ్ళు. మేము ఇంటి దగ్గర ఫోన్‌లో ఫొటోలు పెట్టుకుని ప్రాక్టీస్ చేశాం. బీపీ మెషిన్, సూది, బరువు మిషన్, మనిషి బొమ్మ. "ఎక్కడ నొప్పి?" అంటే బొమ్మ మీద వేలు పెట్టాలి. నెల పట్టింది. మొన్న వెళ్ళినప్పుడు డాక్టర్ అలవాటుగా "వీడికి ఏమైందమ్మా?" అని అమ్మని అడిగారు. అమ్మ "వాణ్ణే అడుగుండ్రి సార్" అంది. ఆయన కుర్చీ తిప్పి వాణ్ణి అడిగారు. వాడు చాలాసేపు తీసుకున్నాడు, బయట క్యూ గొణుగుతూనే ఉంది. తర్వాత ఫోన్ లాక్కుని, బొమ్మలో కుడి మోకాలి మీద వేలు పెట్టాడు. మేమెవరం ఆ మోకాలి గురించి అనుకోనే లేదు. ఎక్స్‌రే రాశారు, వచ్చే మంగళవారం వెళ్ళాలి.

గార్డియన్‌షిప్ అప్లికేషన్ ఎలా నింపాలో ఇంకో ఎపిసోడ్‌లో చెప్తా, మాది ఇంకా నడుస్తోంది. ఉంటా మరి.